మాట్లాడుతూ పరిగెత్తండి

(కర్నూలులో ఆర్టీసీ ఉద్యోగులు, వాళ్ల కుటుంబాల కోసం ఏర్పాటు చేసిన ఒక ఆరోగ్య సభలో విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగం. చివర్లో సభికులు అడిగిన ప్రశ్నలు, వాటికి ఆయన జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. డ్యూటీ దిగి, నిద్ర మానుకొని వచ్చిన డ్రైవరన్నలకు, కండక్టరన్నలకు, గ్యారేజీలో చేతులు కడుక్కొని నేరుగా ఇక్కడికే వచ్చిన మెకానిక్ తమ్ముళ్లకు నమస్కారం. వాళ్లను పట్టుబట్టి తోడుకొచ్చిన అక్కచెల్లెళ్లకు ఇంకో నమస్కారం.

మీ ఉద్యోగం నుంచే మొదలుపెడతాను. ఒళ్లు కదిలిస్తే గుండె నిలబడుతుందని లెక్కలతో చూపించిన తొలి పరిశోధనల్లో ఒకటి బస్సు డ్రైవర్ల మీద, కండక్టర్ల మీద జరిగింది. లండన్‌లో జెరీ మోరిస్ అని ఒక డాక్టరు ఉండేవాడు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన ఆ కాలంలో అక్కడ గుండెపోట్లు బాగా పెరిగినాయి. ఎందుకు పెరుగుతున్నాయో ఎవరికీ అంతుబట్టలేదు. మోరిస్ లండన్ బస్సుల్లో పనిచేసే వేలమంది ఆరోగ్య రికార్డులు ముందరేసుకొని కూర్చున్నాడు. అక్కడివి రెండంతస్తుల బస్సులు. డ్రైవరు పొద్దంతా సీట్లోనే. కండక్టరు మాత్రం టికెట్ల కోసం మెట్లెక్కాలి, దిగాలి. షిఫ్టు అయ్యేలోపల ఐదారు వందల మెట్లు ఎక్కేవాడు. ఒకటే బస్సు, ఒకటే రోడ్డు, ఇంచుమించు ఒకే తీరు కుటుంబాల నుంచి వచ్చిన మనుషులు. 1953లో ఆ లెక్కలు అచ్చయినాయి. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చింది. వచ్చినవాళ్లకు కూడా డ్రైవర్ల కన్నా ఆలస్యంగా, తక్కువ తీవ్రతతో వచ్చింది.

అంతటితో ఆయన ఊరుకోలేదు. వాళ్ల యూనిఫాం ప్యాంట్ల కొలతలు తెప్పించి చూసినాడు. డ్రైవర్ల నడుము కొలతే ఎక్కువ. అంటే ముందునుంచే లావుగా ఉన్నవాళ్లు డ్రైవర్లుగా చేరుతున్నారేమో, తేడా అంతా అక్కడిదేనేమో అని తన పరిశోధనకే అడ్డం తగిలే ప్రశ్న ఒకటి లేచింది. దాన్ని ఆయన దాచిపెట్టలేదు, 1956లో అచ్చేసి అందరి ముందరా పెట్టినాడు. ఉత్తరాలు పంచే పోస్టుమాన్లనూ, కూర్చొని పనిచేసే గుమాస్తాలనూ పోల్చి చూసినప్పుడు కూడా అదే తీరు కనబడింది కాబట్టి ఆయన మాట నిలబడింది. ఆ డాక్టరు తాను కూడా పరుగు పట్టుకున్నాడు. 99 ఏళ్లు బతికినాడు.

మన బస్సుల్లో ఇప్పుడు కండక్టరుకు ఆ మెట్లు లేవు. చానా సర్వీసుల్లో కండక్టరే లేడు, డ్రైవరే టికెట్ మిషను పట్టుకుంటాడు. ఇంజను వేడి, తినాల్సిన టైముకు తినలేకపోవడం, కంటిమీదికి నిద్ర రాకుండా టీ, టీతో పాటు సిగరెట్టు, సిగరెట్టు కుదరని చోట గుట్కా. ఇంటికొచ్చినాక నడుం నొప్పికి ఒక క్వార్టరు. ఈ అలవాట్లు చూసి మిమ్మల్ని తిట్టడానికి నేను రాలేదు. నల్లమలలో రాత్రిపూట మలుపు మలుపుకూ కళ్లు పెద్దవి చేసుకొని యాభైమంది ప్రాణాలను కిందికి దించే మనిషిని తిట్టే హక్కు నాకు లేదు. ఆ పని ఎంత బరువైందో తెలుసు కాబట్టే, మీరు రిటైరయినాక ఇంకో ఇరవై ఏళ్లు మనవళ్లతో తిరగాలని కోరుకుంటూ వచ్చినాను.

నేను బడిలో పిల్లలకు ఆటలు నేర్పినంత కాలం నేర్పి, ఇప్పుడు మొబ్బుతో లేచి ఔట్‌డోర్ స్టేడియంలో పెద్దవాళ్లతో పరిగెత్తిస్తున్నాను. పిల్లల కన్నా పెద్దవాళ్లకు నేర్పడం కష్టం. పిల్లోడు అలిసిపోతే నిలబడిపోతాడు. నలభై ఏళ్ల మనిషి నిలబడడు. ముఖ్యంగా ఏదో ఒక చెడలవాటు నిన్ననే మానుకొని వచ్చిన మనిషి అసలు నిలబడడు. ఇరవై ఏళ్ల బాకీ ఇరవై రోజుల్లో తీర్చాలనే పట్టుదల మీద ఉంటాడు. వచ్చిన మొదటిరోజే పక్కన పరిగెత్తే కాలేజీ పిల్లోనితో సమానంగా రెండు రౌండ్లు కొడతాడు. మూడో రౌండుకు కడుపు పట్టుకొని కూర్చుంటాడు. మరుసటి రోజు మెట్లు దిగలేడు. వారానికి, పదిరోజులకు మోకాలో మడమో పట్టేస్తుంది. ఇంక స్టేడియం ముఖం చూడడు. "పరుగు నా ఒంటికి పడదు సార్" అంటాడు. పరుగు పడకపోవడం కాదయ్యా, నువ్వు పరిగెత్తిన వేగం పడలేదు.

అందుకే నా మాట ఒకటే. మెల్లగా పరిగెత్తండి. ఎంత మెల్లగా అంటే, పక్కనున్న మనిషితో డ్యూటీ చార్టు గురించి, పిల్లల ఫీజుల గురించి పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. వాక్యం మధ్యలో ఊపిరి తెగితే వేగం తగ్గించాలి. తగ్గించినా తెగుతుంటే నడవాలి. నడక వేగానికీ మీ పరుగు వేగానికీ తేడా లేకపోయినా ఫరవాలేదు. పక్కన ముసలాయన నడుచుకుంటూ మిమ్మల్ని దాటిపోయినా ఫరవాలేదు. ఈ కొలతకు వాచీ అక్కర్లేదు, ఫోను అక్కర్లేదు. ఇంకో సంగతి. బీపీకి కొన్ని రకాల మాత్రలు వాడేవాళ్లకు ఆ మందు గుండె వేగాన్ని పట్టి ఉంచుతుంది. వాళ్లకు వాచీలో కనబడే అంకె అసలు శ్రమ చెప్పదు. మాట మాత్రం చెప్తుంది.

ఎందుకింత మెల్లగా? ఒంట్లో అన్నీ ఒకే వేగంతో బాగుపడవు, అందుకు. పరుగు మొదలుపెట్టిన ఒకటి రెండు వారాల్లోనే నెత్తుట్లో ప్లాస్మా అనే ద్రవం పెరుగుతుంది. గుండె ఒక్కో దెబ్బకు ముందుకన్నా ఎక్కువ నెత్తురు తోయగలుగుతుంది. ఆ తర్వాత వారాల్లో కండల్లో సన్నటి నాళాలు పెరుగుతాయి, కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరుగుతాయి. ఇదంతా మెల్లగా, ఎక్కువసేపు పరిగెత్తితే బాగా జరిగే పని. రెండు నెలలయ్యేసరికి మనిషికి "నాకు దమ్ము వచ్చింది" అనిపిస్తుంది. నిజంగానే వచ్చింది. ప్రమాదం కూడా అప్పుడే వచ్చింది. ఎందుకంటే కండను ఎముకకు కట్టే స్నాయువులు ఉంటాయి, మడమ వెనక గట్టిగా చేతికి తగులుతుందే, అట్లాంటివి. వాటికి నెత్తురు సరఫరా చానా తక్కువ. అవి గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఎముక సంగతి ఇంకా విచిత్రం. దానిమీద కొత్త బరువు పడితే, ముందు పాత ఎముకను కొంచెం తొలిచేస్తుంది, ఆ తర్వాత కొత్తది కట్టుకుంటుంది. ఆ పని పూర్తి కావడానికి మూడు నాలుగు నెలలు. తొలిచేసి, కట్టడం ఇంకా పూర్తి కాని రోజుల్లో ఎముక ముందుకన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పుడే మన మనిషికి దమ్ము వచ్చి, వేగం పెంచుతాడు. ముంగాలు ఎముకలో సన్నటి పగులు వస్తుంది. మీలో గ్యారేజీవాళ్లు ఉన్నారు, మీకు తెలుసు. కొత్త ఇంజను వేసినాక మొదట్లో ఎంత పికప్ ఉన్నా స్పీడు తొక్కనియ్యరు గదా. ఇదీ అంతే.

మెల్లగా పరిగెత్తడం అనేది చేతగానివాళ్ల కోసం పుట్టిన పద్ధతి అనుకునేరు. న్యూజీలాండ్‌లో ఆర్థర్ లిడియార్డ్ అని ఒకాయన ఉండేవాడు. బూట్ల ఫ్యాక్టరీలో పని. ఒక స్నేహితునితో కొన్ని మైళ్లు పరిగెత్తి, తన ఒళ్లు ఎంత పాడైపోయిందో తెలుసుకొని, తనమీద తానే ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసుకున్నాడు. కనిపెట్టింది ఏందంటే, దమ్ము దెబ్బతినని వేగంతో ఎక్కువ దూరం పరిగెత్తితే ఆ పునాది మీద ఏ వేగమైనా కట్టొచ్చని. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు పీటర్ స్నెల్ 800 మీటర్లలో, మర్రే హాల్బర్గ్ 5000 మీటర్లలో ఒకేరోజు బంగారు పతకాలు తెచ్చినారు. 800 మీటర్లు అంటే రెండు నిమిషాల లోపల అయిపోయే పరుగు. దానికి కూడా ఆయన వాళ్లతో గంటల తరబడి పరిగెత్తించినాడు. నాకు ఆ పతకాల కన్నా తర్వాత ఆయన చేసిన పని గొప్పగా తోస్తుంది. గుండెపోటు వచ్చి లేచిన నడివయసు వాళ్లను కూడా పార్కులో పరిగెత్తించినాడు. ఆ రోజుల్లో గుండెజబ్బు మనిషిని మంచం దిగనిచ్చేవాళ్లు కాదు. ఆయన వాళ్లకు చెప్పిన నియమం కూడా మాట్లాడగలిగేంత వేగమే. అమెరికా నుంచి వచ్చిన ఒక పేరున్న కోచ్, బిల్ బోవర్‌మన్, ఆ గుంపుతో పరిగెత్తబోయి, గుండెపోటు తెచ్చుకొని కోలుకున్న డెబ్బై దాటిన ఒకాయనతో కూడా సమానంగా రాలేకపోయినాడు. వెనక్కిపోయి తన దేశంలో జాగింగ్ మొదలుపెట్టించినాడు.

సరే, మన దగ్గర ఎట్ల మొదలుపెట్టాలి? ఏళ్ల తరబడి సీట్లో కూర్చున్న మనిషి మొదటి నెలా నెలన్నర పరిగెత్తకూడదు. నడవాలి. వారానికి ఐదురోజులు, అరగంట, చేతులాడిస్తూ చురుగ్గా. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ చెప్పింది. ఆ 150 అక్కడికే పూర్తవుతుంది. నడక సులువైనాక ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అట్ల ఎనిమిది పది మార్లు. రోజు మార్చి రోజు, వారానికి మూడురోజులు. ఆ నిమిషాన్ని మెల్లగా రెండు, మూడు, ఐదు చెయ్యండి. ఒక వారం కష్టమనిపిస్తే అదే వారం మళ్లీ చెయ్యండి, ఎవరూ మార్కులు వెయ్యరు. మూడు నాలుగు నెలలకు ఆగకుండా అరగంట పరిగెత్తుతారు. ఆ రోజు మీ ముఖంలో వచ్చే వెలుగు కోసమే నేను మొబ్బుతో లేచేది.

జాగా మనకు కొదవ లేదు. స్టేడియం ఉంది. సి.క్యాంపు, బి.క్యాంపు రోడ్లున్నాయి. ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధానిగా ఉన్న కాలంలో పుట్టిన పేటలు కాబట్టి చెట్లు, విశాలమైన వీధులు ఇప్పటికీ కొంత మిగిలినాయి. నాకు అన్నిటికన్నా ఇష్టం కేసీ కాలవ గట్టు. సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్ల పైన పోయే ఆ కాలవలో ఒకప్పుడు పడవలు నడిచినాయి. మట్టి బాట, మోకాలికి మెత్తగా ఉంటుంది. జగన్నాథ గట్టు ఎక్కడం మాత్రం ఆరునెలల తర్వాతే. ఎక్కేటప్పుడు గుండెమీద, దిగేటప్పుడు మోకాలిమీద భారం పడుతుంది.

ఇప్పుడు కొంచెం భయపెట్టే మాట చెప్తాను, ఏమనుకోవద్దు. అమెరికాలో జిమ్ ఫిక్స్ అని ఒకాయన ఉండేవాడు. రోజుకు రెండు ప్యాకెట్ల సిగరెట్లు, దగ్గరదగ్గర వంద కిలోల బరువు. 35 ఏళ్ల వయసులో పరుగు మొదలుపెట్టి, సిగరెట్టు మానేసి, బరువు తగ్గి, పరుగు మీద పుస్తకం రాసినాడు. అది లక్షలకొద్దీ అమ్ముడుపోయింది. ఎంతోమంది ఆయన్ను చూసి లేచి పరిగెత్తినారు. 1984లో, 52 ఏళ్లప్పుడు, పరిగెత్తుతుండగానే రోడ్డుమీద గుండె ఆగి చనిపోయినాడు. కోసి చూస్తే గుండె రక్తనాళాలు మూడూ పూడిపోయి ఉన్నాయి. పరుగును తిట్టేవాళ్లు ఇప్పటికీ ఈ కథే చెప్తారు. వాళ్లు చెప్పనిది ఇంకోటుంది. ఆయన తండ్రి 43 ఏళ్లకే గుండెజబ్బుతో పోయినాడు. అంటే వంశంలోనే వచ్చిన ముప్పు. తండ్రి కన్నా తొమ్మిదేళ్లు ఎక్కువ బతికినాడు. మిషను మీద నడిపించి గుండెను చూసే ట్రెడ్‌మిల్ పరీక్ష చేయించుకోమని తెలిసిన డాక్టరు చెప్పినా చేయించుకోలేదు. చేయించుకొని ఉంటే ఇంకా బతికేవాడేమో.

కాబట్టి నలభై దాటినవాళ్లు, బీపీ, షుగరు ఉన్నవాళ్లు, ఇరవై ఏళ్లు పొగ తాగినవాళ్లు, ఇంట్లో తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాళ్లు పరుగుకు ముందు డాక్టరు దగ్గరికి పోండి. బీపీ, షుగరు, కొవ్వు, ఈసీజీ. డాక్టరు అవసరమంటే ట్రెడ్‌మిల్ పరీక్ష. టేపు తీసుకొని బొడ్డు దగ్గర నడుము కొలుచుకోండి. మన దేశపు మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే జాగ్రత్త పడాలని డాక్టర్లు చెప్తారు. పరుగులో గుండెల మీద బరువు పెట్టినట్టున్నా, ఎడమ చెయ్యో దవడో లాగినా, చల్లటి చెమటలు పోసినా నిలబడిపోండి. "గ్యాసేలే" అనొద్దు. 108కు ఫోను చెయ్యండి. ఆ మాట అనుకొని పోగొట్టుకున్న మనుషులు ప్రతి డిపోలోనూ ఉంటారు.

పొగ మానడం గురించి. "మొదట మానేసి, ఊపిరితిత్తులు శుభ్రమైనాక పరుగు మొదలుపెడతాను" అంటారు కొంతమంది. అవసరం లేదు, రెండూ కలిపి మొదలుపెట్టండి. సిగరెట్టు పొగలోని కార్బన్ మోనాక్సైడ్ నెత్తుట్లో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట కూర్చుంటుంది. మానిన ఒకటి రెండు రోజుల్లోనే అది దిగిపోతుంది. వారం తిరక్కముందే మెట్లెక్కితే తేడా తెలుస్తుంది. ఏడాదికి గుండెజబ్బు ముప్పు పొగతాగే మనిషితో పోలిస్తే సగానికి పడుతుంది. బ్రిటన్‌లో డాక్టర్లనే యాభై ఏళ్లపాటు గమనించిన లెక్క ఒకటి 2004లో వచ్చింది. తాగుతూనే ఉన్నవాళ్లతో పోలిస్తే, అరవైలో మానినవాడికి మూడేళ్లు, యాభైలో మానినవాడికి ఆరేళ్లు, నలభైలో మానినవాడికి తొమ్మిదేళ్ల ఆయుష్షు కలిసొచ్చింది. యాభై ఐదుకు ఇంకేం మానతాంలే అనే అన్నలు ఈ అంకెలు రాసుకోండి.

మానినాక మొదటి ఏడాదిలో సగటున నాలుగైదు కిలోల బరువు పెరగడం మామూలే. దాంతో దిగులుపడి మళ్లీ ముట్టించేవాళ్లను చూసినాను. పరుగు ఇక్కడ ఆదుకుంటుంది. ఇంకో మేలు కూడా ఉంది. సిగరెట్టు మీదికి మనసు లాగడం అనేది కొన్ని నిమిషాల పాటే గట్టిగా ఉంటుంది. ఆ కొన్ని నిమిషాలు చురుగ్గా నడిస్తే ఆ లాగుడు తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. బస్టాండులో బస్సు నిలిపినప్పుడు టీ కొట్టు వైపు కాకుండా ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకు నడవండి. ఒంటరిగా మానలేకపోతే 1800-11-2356కు ఫోను చెయ్యండి. పొగాకు మానడానికి కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఉచిత నంబరు.

గుట్కా, వక్క నమిలే తమ్ముళ్లకు ఒక మాట. నోరు ముందంత పెద్దగా తెరుచుకోవడం లేదా, కారం తగిలితే మండుతోందా, అద్దంలో చూసుకోండి. వక్కతో బుగ్గల లోపల కండ గట్టిపడిపోతుంది. అది పరుగుతో తిరిగి రాదు, కేన్సరుగా మారే ముప్పు కూడా ఉంది. పళ్ల డాక్టరు దగ్గరికి పోవాల్సిందే. ఇంక మందు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే చేతులు వణకడం, ఫిట్సు, మతి తప్పడం జరగొచ్చు. ప్రాణం మీదికి కూడా వస్తుంది. అట్లాంటివాళ్లు పెద్దాసుపత్రిలో మానసిక వైద్యులను కలిసి, మందుల సాయంతో మానాలి. సిగ్గు పడాల్సిన పని అందులో ఏమీ లేదు. ఒళ్లు కుదురుకున్నాక స్టేడియానికి రండి, నేను ఎదురుచూస్తుంటాను.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పరుగులో ఖర్చయ్యేది మనం అనుకునేదానికన్నా తక్కువ. కిలో బరువుకు కిలోమీటరుకు సుమారు ఒక క్యాలరీ. 70 కిలోల మనిషి ఐదు కిలోమీటర్లు పరిగెత్తితే 350. తిరిగొస్తూ ఒక ప్లేటు ఉగ్గాని, నాలుగు బజ్జీలు తింటే అది చెల్లు. బరువు తగ్గేది పళ్లెం దగ్గరే. కొర్రన్నం, జొన్న రొట్టె, పప్పు, ఆకుకూర, కొంచెం శెనక్కాయల పొడి, మన జేజిలు తిన్న తిండే చాలు. ఉగ్గాని ఆదివారానికి పెట్టుకోండి, మానేయమని నేను చెప్పలేను. పరుగుకు ముందు మాత్రం జొన్న రొట్టె వద్దు, కడుపులో బరువుగా ఉంటుంది.

ఎండ మీద మాత్రం నిలబడి చెప్పాలి. కర్నూలు ఎండ మీకు నేను చెప్పేదేముంది. ఏప్రిల్, మే నెలల్లో ఐదింటికే మొదలుపెట్టి ఆరున్నర లోపల ఇంటికి చేరండి. చలికాలంలో పరిగెత్తిన వేగం ఎండాకాలంలో రాదు, రాకూడదు. వేడికి ఒళ్లు అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో దూరం తగ్గించండి. నీళ్లు దాహమైనంత తాగండి. బలవంతంగా లీటర్లకు లీటర్లు పోసుకోవద్దు. 2002లో బోస్టన్ మారథాన్‌లో నెత్తురు పరీక్ష చేసినవాళ్లలో నూటికి పదముగ్గురికి సోడియం, అంటే నెత్తుట్లోని ఉప్పు, ఉండాల్సినదానికన్నా తక్కువ ఉంది. ముఖ్య కారణం, పరుగులో నీళ్లు మితిమీరి తాగడం. అది ప్రాణాలు తీసే జబ్బు. గంట దాటిన పరుగు తర్వాత కొంచెం ఉప్పేసిన మజ్జిగో, రాగి అంబలో బాగుంటుంది. బీపీ ఉన్నవాళ్లు ఆ ఉప్పు సంగతి డాక్టరును అడగండి. షుగరుకు ఇన్సులిన్ గానీ, చక్కెర బాగా దించే మాత్రలు గానీ వాడేవాళ్లు జేబులో బెల్లం ముక్క లేకుండా పరిగెత్తొద్దు. ఇంటికొచ్చి అరికాళ్లు చూసుకోండి. తిమ్మిరి పట్టిన పాదానికి పుండు పడినా తెలియదు.

దూరం పరుగు అన్నారు కదా, ఎంత దూరం అని అడుగుతారు. మారథాన్ 42.195 కిలోమీటర్లు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరిగెత్తిన దూరం అది, 1921లో దాన్నే ఖాయం చేసినారు. హాఫ్ అంటే దాంట్లో సగం. నా అభిప్రాయం చెప్తాను, కొంతమంది కోచ్‌లు ఒప్పుకోరు. మొదటి ఏడాది 10 కిలోమీటర్లు దాటొద్దు. హాఫ్ రెండో ఏడాదికి. ఫుల్ ఆ తర్వాతే, అదీ మనసు నిజంగా లాగితేనే. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థం సుమారు 30 కిలోమీటర్ల దగ్గర అడుగంటుతుంది. అక్కడి నుంచి శిక్షణ లేని ఒళ్లు చెప్పే కథ వేరే. వారానికి నాలుగురోజులు, మాట్లాడగలిగే వేగంతో ఐదారు కిలోమీటర్లు, ఆదివారం కేసీ కాలవ గట్టుమీద పదో పన్నెండో. ఇంతే చేస్తూ జీవితాంతం ఉండిపోయినా, మీ గుండెకు కావలసింది అందినట్టే.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: సార్, పరిగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయంటారు, నిజమేనా?)

చానామంది భయం ఇదే. 2017లో ఎన్నో పరిశోధనలు కలిపి చూసినారు. తుంటి, మోకాలి కీళ్లు అరిగినవాళ్లు కూర్చొని ఉండేవాళ్లలో నూటికి పదిమంది, సరదాకు పరిగెత్తేవాళ్లలో నూటికి మూడున్నర. పోటీల కోసం పెద్ద స్థాయిలో పరిగెత్తేవాళ్లలో మాత్రం నూటికి పదమూడు. మెల్లగా పరిగెత్తమనడానికి ఇదీ ఒక కారణం. అయితే ఇప్పటికే మోకాలు వాచినవాళ్లు, పాత దెబ్బలున్నవాళ్లు డాక్టరుకు చూపించుకోండి. వందకిలోలు దాటినవాళ్లు నడకతోనే కొంత బరువు దించి మొదలుపెట్టండి.

(ఇంకొకరు: బూట్లు తప్పనిసరా? మా నాయన జీవితమంతా చెప్పుల్లేకుండానే చేనికి పోయినాడు.)

నిజమే నాయనా. 1960లో రోమ్‌లో ఇథియోపియావాడు అబెబె బికిలా 42 కిలోమీటర్లూ వట్టికాళ్లతో పరిగెత్తి బంగారం గెలిచినాడు. మన శివనాథ్ సింగ్ కూడా వట్టికాళ్లతోనే పరిగెత్తేవాడు. 1978లో ఆయన పెట్టిన 2 గంటల 12 నిమిషాల జాతీయ రికార్డును దశాబ్దాల పాటు ఎవరూ దాటలేకపోయినారు. కానీ వాళ్ల పాదాలు చిన్నప్పటి నుంచి నేలకు అలవాటుపడినవి. మనవి ఇరవై ఏళ్లుగా క్లచ్ మీద, బ్రేకు మీద ఉన్నాయి. షుగరు ఉంటే వట్టికాళ్లు అసలు వద్దు. వేలకువేలు పెట్టక్కర్లేదు. ముందర బొటనవేలంత జాగా ఉండి, ఎక్కడా నొక్కకుండా ఉంటే చాలు. సాయంత్రం పాదం కొంచెం ఉబ్బి ఉంటుంది, అప్పుడు పోయి కొనండి.

(ఒక మహిళ: మేము కూడా పరిగెత్తొచ్చా సార్? నలుగురూ చూస్తారని సంకోచం. నాలుగడుగులు వేస్తే ఆయాసం కూడా.)

తప్పకుండా తల్లీ. ముందు ఆయాసం సంగతి. రేపే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి రక్తహీనత. నెత్తురు తక్కువగా ఉన్న మనిషి పరిగెత్తలేక, తనకు చేతకాదనుకుంటుంది. మాత్రలతో, తిండితో దాన్ని సరిచేసుకుంటే ఆయాసం సగం పోతుంది. అయినా తగ్గకపోతే డాక్టరు గుండె, థైరాయిడ్ కూడా చూస్తారు. ఇంక సంకోచం. 1967లో బోస్టన్ మారథాన్‌లో క్యాథరిన్ స్విట్జర్ నంబరు తగిలించుకొని పరిగెత్తుతుంటే, ఆడది పరిగెత్తకూడదని నిర్వాహకుడు ఒకాయన వెంటపడి ఆ నంబరు లాగేయబోయినాడు. ఆమె ఆగలేదు, పూర్తి చేసింది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు మారథాన్ పెట్టింది 1984లోనే. అంటే నేను ఉద్యోగంలో చేరేనాటికి లేదు. చుడీదారుతో రండి, చున్నీ వెనక్కి గట్టిగా ముడేసుకోండి. నలుగురైదుగురు కలిసి రండి. కుక్కల భయం ఉండదు, మాట్లాడుకుంటూ పరిగెత్తడానికి మనుషులూ దొరుకుతారు.

(ఒక డ్రైవరు: సార్, నాకు వారంలో మూడురోజులు నైటౌట్. పొద్దున్నే దిగుతాను. అప్పుడే పరిగెత్తి ఇంటికి పోవచ్చా?)

వద్దన్నా. నైటౌట్ దిగిన రోజు పరిగెత్తొద్దు, ఇంటికి పోయి నిద్రపొండి. ఆ రోజు నిద్రే మీకు వ్యాయామం కన్నా ఎక్కువ. నిద్ర లేని ఒంటితో పరిగెత్తితే కాలు తడబడుతుంది, దెబ్బ తగులుతుంది, తర్వాతి రాత్రి స్టీరింగ్ దగ్గర కునుకు కూడా వస్తుంది. మీ చార్టులో డ్యూటీ ఆఫ్ రోజు, పగలు డ్యూటీలు పడిన రోజులు చూసి మూడు రోజులు ఎంచుకోండి. వరుసగా రెండు రోజులు పరుగు పడకుండా చూసుకోండి. ఒక వారం రెండే దొరికితే రెండే. మిగతా రోజుల్లో బస్సు నిలిపిన చోట పదినిమిషాలు నడవండి. మీ చార్టు తీసుకొని కిందికి రండి, ఇప్పుడే కూర్చొని ఈ నెలకు రోజులు గుర్తుపెట్టుకుందాం.